నగారావాడు చావడు

"అమ్మాయ్, వాళ్ళిద్దరిలో ఒకణ్ణి చంపెయ్. ఎవడైనా ఫరవాలేదు," అన్నాడు బావగారు పళ్ళ మధ్య నుంచి. మొహం మీద నవ్వు మాత్రం చెక్కు చెదరలేదు. వేదిక పక్కనున్న గుడ్డతెర సందులోంచి చూస్తే హాలు నిండా జనం ఉన్నారు మరి.

కోడరమ్మ ల్యాప్‌టాప్ మీంచి తలెత్తలేదు. "చావట్లేదు బావగారూ. ఇద్దరూ చావట్లేదు."

ఢాం. ఢాం. ఢాం.

వేదిక మీది పెద్ద తెరలో యుద్ధభూమి ఖాళీగా ఉంది. సింహాలు పోయాయి, రాక్షసులు పోయారు, అగ్నివానలు కురిసి వెలిసిపోయాయి. మిగిలింది ఇద్దరే. ఈ మూల ఒక నగారావాడు, ఆ మూల ఒక నగారావాడు. మధ్యలో ఎవరూ లేరు. ఒకడు ఢాం అంటే రెండోవాడు ఢాం అంటున్నాడు. ఈ వ్యవహారం మొదలయ్యాక జనంలో కొందరు టీ తాగొచ్చారు, కొందరు భోజనమే చేసొచ్చారు. పోటీ ఫైనల్ ఆడుతున్న పళ్ళ డాక్టరుగారు రోగులకి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్లు వాయిదా వేసుకున్నాడు. ఆయన ప్రత్యర్థి దర్జీ. కూర్చున్నచోటే ఎవరిదో చొక్కాకి గుండీ కుడుతున్నాడు.

ఆట పేరు 'మంత్రదండు'. ఆటగాడు తన సైన్యాన్ని గళ్ళలో నిలబెడతాడు, నాలుగు మంత్రాలు ఎంచుకుంటాడు, శంఖం బొమ్మ మీద నొక్కుతాడు. అక్కడితో అతని పని సరి. సైనికులు వాళ్ళంతట వాళ్ళే కొట్టుకుంటారు, మంత్రాలు వాటంతట అవే పేలతాయి, ఆటగాడు చేతులు కట్టుకుని చూడాలి. 'మొదలైతే ఆగదు' అన్నది బావగారు కనిపెట్టిన నినాదం. ఆఫీసులో అందరి టీషర్టుల మీదా అదే. మధ్యలో ఆపే బొత్తాం పెడదామని కోడరమ్మ ఎప్పుడో అంది. ఆపితే నినాదం ఏమైపోవాలన్నాడు బావగారు.

ఇప్పుడు ఆగట్లేదు.

ఆమె ఆ ఇంటికి కోడలు, ఆ ఆఫీసుకి కోడర్. రెండూ కలిపి కోడరమ్మని చేశారు. యజమాని బావగారు ఆమె భర్తకి స్వయానా అన్న. ఆటలో కథలు రాసేది ఆమె భర్త. ప్రతి కత్తికీ ఒక పూర్వజన్మ రాస్తాడు కాబట్టి ఆఫీసులో ఆయన్ని పురాణం అంటారు. బొమ్మలు గీసే ఆవిడ బొమ్మలక్క, మోతలు చేసే కుర్రాడు చప్పుడు. ఈ అయిదుగురే ఆ కంపెనీ. మూడేళ్ళుగా ఒకే గదిలో ఒకరి తుమ్ము ఒకరి మీద పడేంత దగ్గరగా కూర్చుని చేసిన ఆట ఇది.

"దొరికింది," అంది కోడరమ్మ.

అందరూ ఆమె వెనక మూగారు. ల్యాప్‌టాప్‌లో సైనికుల పట్టిక తెరిచి ఉంది. ప్రతి సైనికుడికీ ఒక వరస. మొదటి గడిలో పేరు, రెండో గడిలో పురాణం రాసిన కథ, మూడో గడిలో గుణం. గుణం గడిలో 'ఎగిరేది' అని రాస్తే ఆ ప్రాణి ఎగురుతుంది, 'మండేది' అని రాస్తే మండుతుంది. నగారావాడి గుణం గడి ఎప్పుడూ ఖాళీ. ఎందుకంటే వాడికి ఏ గుణమూ లేదు. సైన్యంలోకెల్లా చవకబారు ప్రాణి. చేతిలో కత్తి ఉండదు. వాడి మోత చెవినపడ్డ శత్రువుకి చీమ కుట్టినంత దెబ్బ తగులుతుంది. ఆ చీమ రెండోసారి కుట్టేలోపే వాడి తల ఎగిరిపోవాలి.

ఇప్పుడా గడిలో ఒక మాట ఉంది. 'చావడు'.

"అదేంటి, అది నీ మాటే కదా," అన్నాడు చప్పుడు.

నిజమే. ఆ మాట ఆమె పుట్టించిందే. మంత్రాలు సరిగ్గా పేలుతున్నాయో లేదో చూడాలంటే ఎన్ని పేల్చినా చావని బొమ్మ ఒకటి కావాలి. ఒక కొయ్యమనిషిని నిలబెట్టి, వాడికి 'చావడు' అని గుణం ఇచ్చి, నెలల తరబడి వాడి మీద పిడుగులు కురిపించింది. పనయ్యాక కొయ్యమనిషిని తీసేసింది గానీ, ఆ మాటకున్న శక్తి తీసెయ్యడం మరిచిపోయింది. అది ఆమె తప్పే. కానీ ఎవరో ఆ మాటని తెచ్చి నగారావాడి గడిలో పెట్టడం మాత్రం ఆమె తప్పు కాదు.

చావనివాడికి చీమకుట్టు చాలు. నిదానంగా కుట్టి కుట్టి ఎంత సైన్యాన్నైనా మట్టిలో కలుపుతాడు, ఇంకో నగారావాణ్ణి తప్ప. నగారావాళ్ళకి సొంత మోతకే చెవులు పోయాయనీ, ఒకడి మోత ఇంకొకడికి వినపడదనీ పురాణం కథలో రాశాడు. కోడరమ్మ ఆ కథని అక్షరాలా పాటించి కోడ్ రాసింది. ఆట బయటికొచ్చిన వారంలోనే ఈ రహస్యం ఆటగాళ్ళకి దొరికిపోయింది. పళ్ళ డాక్టరూ పెట్టాడు, దర్జీ కూడా పెట్టాడు. ఫలితం ఇదిగో.

"ఎవరు రాశారో తెలీదా? టైపు చేసినవాళ్ళ పేరు ఎక్కడో ఉంటుందిగా," అంది బొమ్మలక్క.

"ఉంటుంది. బావగారి పేరు ఉంది. మనందరం టైపు చేసినా బావగారి పేరే ఉంటుంది."

ఒకే కుటుంబం, ఒకే తాళంచెవి అని బావగారి సిద్ధాంతం. ఆఫీసు మొత్తానికి ఒకే ఖాతా, ఒకే పాస్‌వర్డ్. విడివిడిగా తాళాలు ఎందుకు, మనలో మనకి దొంగతనాలా అనేవాడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ ఆఫీసులో ఈశ్వరుడికి పాస్‌వర్డ్ ఇచ్చినా పట్టలేడు.

కోడరమ్మ ఆ మాట చెరిపేసింది. సాయంత్రం కల్లా ఆటగాళ్ళందరికీ సరిచేసిన ఆట వెళ్తుంది. తెర మీద నడుస్తున్న యుద్ధాన్ని మాత్రం ముట్టుకోలేదు. మొదలైతే ఆగదు.

అప్పుడు గుడ్డతెర పక్కకి జరిపి పంపిణీ మేడమ్ లోపలికొచ్చింది. ఆటలమ్మే పెద్ద ఆన్‌లైన్ దుకాణం ఆవిడది. ముందు వరసలో కూర్చుని నగారా విని విని చెవుల్లో దూది పెట్టుకుంది. దూది తియ్యకుండానే మాట్లాడింది.

"మీ ఆట బాగుందని తీసుకున్నాను. ఎవరో లోపల వేలు పెట్టారని చూస్తేనే తెలుస్తోంది. రేపు ఇంకో వేలు పెట్టరని నాకేంటి నమ్మకం? నాకు పేరు కావాలి. ఆ మనిషి ఇంక ఈ ఆటని ముట్టుకోకూడదు, ఆట మొదట్లో పడే పేర్లలో ఆ పేరు ఉండకూడదు. నేను లేచి వెళ్ళేలోపు చెప్తే సాయంత్రం నా దుకాణంలో మీ ఆట ఉంటుంది. లేకపోతే లేదు."

"మేడమ్, ఇది మేం కావాలని పెట్టిందే," అన్నాడు పురాణం గొంతు సవరించుకుని. "యుద్ధం నిరర్థకమని చెప్పడానికి. చివరికి మిగిలేది మోతే కదా అని..."

"డబ్బు వెనక్కి అడిగేవాళ్ళకి అదే చెప్పనా?"

పురాణం వెనక్కి జరిగి గోడకానుకున్నాడు.

బావగారు టీషర్టు సర్దుకున్నాడు. "మీరు కూర్చోండి మేడమ్. నేను మన ప్రస్థానం గురించి నాలుగు మాటలు చెప్పి, చివర్లో వేదిక మీదనే దోషి పేరు చెప్తాను." ఆవిడ వెళ్ళాక మరదలి వైపు తిరిగాడు. "మాట నీది అమ్మాయ్. గడి నువ్వు కట్టిందే. నేను దిగేలోపు వేరే పేరు తెస్తే సరే. లేదంటే నీ పేరే చెప్పాలి. ఏమనుకోకు."

"ఏమనుకోను బావగారూ. వింటాను."

ఆయన వేదికెక్కాడు. కోడరమ్మకి ఎంత టైముందో లెక్కెయ్యడానికి గడియారం అక్కర్లేదు. బావగారి ప్రసంగం ఆ ఆఫీసులో అందరికీ కంఠతా వచ్చు. మొదట బాల్యం, తర్వాత కష్టాలు, తర్వాత కల, ఆఖర్న కన్నీళ్ళు. కన్నీళ్ళు తుడుచుకున్నాక ఆమె పేరు. మూడేళ్ళు ఆమె రాసిన ప్రతి అక్షరం మీంచీ ఆ పేరు తుడిచిపెట్టుకుపోతుంది. రేపు ఎవరైనా ఏం చేశావమ్మా ఇన్నాళ్ళూ అని అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు.

"చిన్నప్పుడు నేను గోళీలాడుతుంటే..." అని మైకులో వినిపించింది.

"బాల్యం మొదలైంది. త్వరగా తేల్చండి," అంది కోడరమ్మ. "ఈ నగారావాణ్ణి ఆఫీసులో ఎవరెవరు వాడారు?"

ముగ్గురూ నేల చూపులు చూశారు.

ఎందుకంటే ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. 'తేలకపోతే పోరు' అంటారు దాన్ని. ఏ విషయంలోనైనా ఇద్దరికి మాట కుదరకపోతే వాదించుకోకూడదు. చెరో సైన్యం పేర్చి ఆటలో కొట్టించాలి. ఎవరి సైన్యం గెలిస్తే వాళ్ళ మాట చెల్లుతుంది. గొంతులు అలిసిపోకుండా ఉంటాయనీ, ఆటకి పరీక్ష కూడా జరుగుతుందనీ బావగారు పెట్టాడు. మొదట్లో సరదాగానే ఉండేది. పోనుపోను అందరూ మాట్లాడుకోవడం మానేశారు. ఫ్యాను తిప్పాలా వద్దా అన్నదానికి కూడా రాక్షసులూ గరుడపక్షులూ చచ్చేవి.

"నేను వాడాను," అన్నాడు చప్పుడు. "కిటికీ కోసం. కిటికీ మూసెయ్యాలన్నా, అక్క తెరవాలంది. నగారావాణ్ణి పెట్టా, గెలిచా. కానీ అక్క దగ్గర చూసే పెట్టా."

"నా మీదకి తొయ్యకు," అంది బొమ్మలక్క. "నగారా మోత నీ ముద్దుబిడ్డ. ఎంతసేపు మోగితే నీకంత ఆనందం. హాల్లో ఆ స్పీకర్లు చూడు, పెళ్ళికి పెట్టినట్టు పెట్టావు."

"మోత నాదైతే చావు నాదా? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. మరి ఆటలో ఆకాశం ఆకుపచ్చగా ఎందుకుందో చెప్పు. మేమంతా నీలం అన్నాం. నువ్వు నగారావాణ్ణి పెట్టి గెలిచావు."

"గెలిచాను. ఆకుపచ్చ ఆకాశం బాగుంది కూడా. కానీ నేను బావగారిని చూసి నేర్చుకున్నా."

అక్కడ అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. బల్లలు తిప్పిన రోజు.

అంతకు ముందు బల్లలన్నీ ఎదురెదురుగా ఉండేవి. ఒకరి మొహం ఒకరికి కనిపించేది. అందరూ గోడల వైపు తిరిగి కూర్చుంటే ఏకాగ్రత పెరుగుతుందన్నాడు బావగారు. మిగతావాళ్ళు వద్దన్నారు. పోరు పెట్టారు. బావగారు అప్పటిదాకా ఒక్క పోరూ గెలిచిన పాపాన పోలేదు. ఆయన సైన్యంలో అందరూ సేనాపతులే ఉండేవాళ్ళు. ఆ రోజు మాత్రం మూలన ఒక నగారావాణ్ణి పెట్టాడు. నలుగురి సైన్యాలూ ఊడ్చుకుపోయాయి. ఆ మధ్యాహ్నమే బల్లలు తిరిగాయి. తర్వాత రోజూ పొద్దున ప్రతిజ్ఞ వచ్చింది. తర్వాత ఆటలో రాజుగారి మొహం బావగారి మొహమైంది.

"అయితే ఆయనే," అన్నాడు చప్పుడు గుసగుసగా. "మన జీతాలిచ్చే మనిషే దొంగ. ఇప్పుడేం చేద్దాం? ఆయన పేరు ఆయన చెప్పుకుంటాడా?"

"తెలివితక్కువ మాట," అన్నాడు పురాణం. ఇంతసేపూ గోడకానుకుని పెద్దమనిషిలా వింటున్నాడు. "అన్నయ్యకి ఆ పట్టిక తెరవడమే రాదు. ప్రింటు తీసి చేతికిస్తే తప్ప చదవడు. మొన్నొకసారి కాగితం మీద పెన్నుతో కొట్టేసి, ఆటలో ఎందుకు మారలేదని అడిగాడు."

అదీ నిజమే.

మైకులో బాల్యం అయిపోయింది. "ఆ రోజుల్లో మా దగ్గర ఒక్కటే కంప్యూటర్..." కష్టాలు వచ్చేశాయి.

పురాణం భార్య పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "ఏమోయ్, నా మాట విను. తిలా పాపం తలా పిడికెడు. అందరూ వాడారు, అందరిదీ తప్పే. అలాంటప్పుడు ఎవరో ఒకరు నెత్తినేసుకుంటే పోతుంది. పొరపాటున టైపయ్యిందని చెప్పు. జనం జాలి పడతారు. వంద మంది బతకడానికి ఒక్క వీరుడు..."

"మీరు రాసిన కథల్లో ఆ వీరుడు ప్రతిసారీ ఇంకొకళ్ళే అవుతాడు, ఎందుకండీ?"

"అది కథా ధర్మం."

ఆమె ల్యాప్‌టాప్ మూసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళు మండుతున్నాయి. మునివేళ్ళ దగ్గర చర్మం ఎండిన చెరువులా బీటలు వారింది. అంట్లు తోమే సబ్బు పడదు ఆమెకి. ఎన్ని రోజులుగానో ఇంతే.

అట్టపెట్టెల మీద చుట్టగా పడున్న పోస్టరొకటి సగం విప్పుకుని ఉంది. బూడిద మంత్రగత్తె. ఆటలో అందరికంటే పేరొచ్చిన బొమ్మ అదే. మొహం ముసుగులో ఉంటుంది, చేతులు మాత్రం చూసేవాడి మీదకి వచ్చేస్తున్నట్టు ఉంటాయి. ఎర్రగా, పగుళ్ళతో, మునివేళ్ళు ముడతలు పడి ఉంటాయి. ఆ చేతులు చూసి భయం వేసిందని ఎంతమందో రాశారు.

చప్పుడు పోస్టరు వైపూ ఆమె వైపూ మార్చి మార్చి చూశాడు. "వదినా, అచ్చం నీ చేతులే."

బొమ్మలక్క కంగారు పడింది. "చెప్దామనే అనుకున్నా. ఏమనుకోకమ్మా. మంత్రగత్తె చేతులు ఎంతకీ కుదరట్లేదు. నువ్వు నాకెదురుగా కూర్చుని టైపు కొడుతుంటే, అదిగో అవే కావాలి అనిపించింది. నీకు తెలీకుండా గీసేశా."

"ఎదురుగానా? నువ్వు నా వీపు వెనక కదా కూర్చునేది?"

"ఇప్పుడు. అప్పటికింకా బల్లలు తిప్పలేదుగా. బల్లలు తిప్పేనాటికి మంత్రగత్తె ఆటలోకి వచ్చేసింది కూడా. బావగారు ఆ పోరులో నా మంత్రగత్తెనేగా మొదట చంపింది."

కోడరమ్మ తన వేళ్ళ వైపు చూసుకుంది.

బయట నగారా మోగుతూనే ఉంది. ఢాం. ఢాం. ఆ మోతే ఆమెకి వంటగదిని గుర్తు చేసింది.

'తేలకపోతే పోరు' ఆఫీసులో ఆగలేదు. మొగుడూ పెళ్ళామూ దాన్ని ఇంటికి కూడా మోసుకొచ్చారు. రోజూ భోజనాలయ్యాక అంట్లు ఎవరు తోమాలన్నది పోరుతోనే తేలేది. మొదట్లో ప్రతి పోరూ ఆమే గెలిచేది. ఆట కట్టిన మనిషి, ఆ మాత్రం గెలవదా? ఆయన నిట్టూర్చి, కూనిరాగం తీస్తూ, అప్పుడప్పుడూ ఒక గ్లాసు పగలగొడుతూ తోమేవాడు. తర్వాత ఒకరోజు ఆయన సైన్యం మూలన నగారావాడు కనిపించాడు. ఇదేంటండీ వీణ్ణి పెట్టారని ఆమె నవ్వితే, "పాపం, వీణ్ణి ఎవరూ పెట్టుకోరు. మనమైనా పెట్టుకుందాం" అన్నాడు. ఆ రోజు గెలిచాడు. ఆ తర్వాత ఆయన ఓడింది లేదు. అదృష్టం తిరిగిందనుకుంది. చేతులకి రాసుకోవడానికి వెన్న లాంటి మందొకటి ఆయనే తెచ్చిచ్చాడు, ప్రేమగా.

మంత్రగత్తె చేతులు గీసేనాటికే ఆమె వేళ్ళు పగిలాయి. వేళ్ళు పగలాలంటే అంతకు ముందే రోజుల తరబడి అంట్లు తోమి ఉండాలి. అంటే ఆఫీసులో బావగారి కంటే ముందే, ఇంట్లో నగారావాడు చావడం మానేశాడు.

ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఒకరు అంట్లు తోముతున్నారు.

ఆమె తలెత్తి భర్త వైపు చూసింది. "ఏమండీ, బావగారికి నగారావాణ్ణి పెట్టుకోమని ఎవరు చెప్పారు?"

గుమ్మడికాయల దొంగ కథలోలా ఆయన భుజాలు తడుముకోలేదు. టీషర్టు భుజం మీద లేని నూలుపోగొకటి తీసి పారేశాడు, అంతే.

"అన్నయ్య ఎప్పుడూ ఓడిపోతున్నాడని..." అని ఆగిపోయాడు.

చప్పుడూ బొమ్మలక్కా ఒకరి మొహం ఒకరు చూసుకుని నాలుగడుగులు వెనక్కి వేశారు. మొగుడూపెళ్ళాల గొడవలో నిలబడితే ఏ గరిటె ఎటునుంచి వస్తుందో తెలీదు.

"ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం," అన్నాడు పురాణం.

"ఇంటికెళ్తే మాట్లాడుకుంటామా, పోరు పెట్టుకుంటామా?"

"మాట తేలకపోతే ఎలాగూ..." తనకి తనే నాలుక కరుచుకున్నాడు. తర్వాత బతిమాలే గొంతుకి దిగాడు. "నా చేతులకి సబ్బు పడదే. రాసే చేతులు."

"నావి ఏం చేసే చేతులు?"

"నువ్వు వేరు. నీకు పని వచ్చు. ఈ ఆట కాకపోతే ఇంకో చోట కళ్ళకద్దుకుని తీసుకుంటారు. నా సంగతి ఆలోచించు. కత్తులకి పూర్వజన్మలు రాసేవాణ్ణి ఎవడు పెట్టుకుంటాడు? ఇందులోంచి నా పేరు పోతే నాకు ఇంకేం మిగలదు. నువ్వు ఒక్క మాట నీ మీద వేసుకుంటే ఇద్దరం బయటపడతాం."

అదే ఆమెని ఆపింది. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆయన పేరు పోతే ఆయనకి ఇల్లు తప్ప ఏమీ ఉండదు. ఆ ఇంట్లో ఆమె కూడా ఉంటుంది. రోజూ ఆ మొహమే చూడాలి. ఒక్క క్షణం, పోనీలే అనుకుంది. అంట్లు తోమినట్టే ఇది కూడా తోమేద్దాం అనుకుంది.

"...కానీ నాకొక కల ఉండేది," అన్నాడు మైకులో బావగారు. వెంటనే ముక్కు చీదాడు. కలని రెండు ముక్కల్లో తేల్చేసి కన్నీళ్ళలోకి దూకేశాడు. "ఇంటి మనిషే. నా సొంత ఇంటి మనిషే ఈ పని చేసిందంటే..."

చేసిందంటే, అన్నాడు. ఆయన నోట్లో అప్పటికే ఆడమనిషి అయిపోయింది.

కోడరమ్మ తెర తోసుకుని వేదికెక్కింది. వెనకే పురాణం పరిగెత్తుకొచ్చాడు. హాల్లో గోల మొదలైంది. పంపిణీ మేడమ్ లేచి నిలబడి ఉంది, సంచీ భుజానికి తగిలించుకుని.

బావగారు మైకు అరచేత్తో మూశాడు. "ఏంటమ్మాయ్?"

"చేసింది నేను కాదు బావగారూ."

"కాదని నువ్వంటున్నావు," అన్నాడు పురాణం అన్నగారి రెండో చెవి దగ్గర చేరి. "అన్నయ్యా, మన పద్ధతి మనకుంది. తేలకపోతే పోరు. నేనూ తనూ ఆడతాం. తను గెలిస్తే తను కాదు."

బావగారి మొహం వెలిగిపోయింది. మైకు మీంచి చెయ్యి తీసి ప్రకటించేశాడు. నగారాతో విసిగిపోయి ఉన్న జనం ఈలలు వేశారు. ఎవరో ట్యాబ్ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టారు. సరిచేసిన ఆట ఇంకా ఎవరికీ వెళ్ళలేదు. అందులో ఉన్నది పాత ఆటే. పురాణం వేలు అలవాటు కొద్దీ ఎడమ పక్క మూలకి పోయింది. అక్కడ నగారావాణ్ణి నిలబెట్టింది. వేదిక మీది రెండో తెర మీద అది హాలంతా చూసింది. పళ్ళ డాక్టరు నోరు తెరిచాడు. దర్జీ సూది ఆపాడు.

ఆమె సైన్యం గళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఏం పెట్టాలో ఆమెకి తెలుసు. అదే నగారావాణ్ణి తనూ పెడితే ఓడదు. ఓడదు గానీ గెలవదు కూడా. ఒక తెర మీద ఇద్దరు నగారావాళ్ళు, పక్క తెర మీద ఇంకో ఇద్దరు. ఇల్లు చేరాక వంటగదిలో మరో ఇద్దరు. అలా మోగుతూనే ఉంటుంది.

ట్యాబ్ వెనక్కి తోసింది.

"నేను ఆడను."

"అలా కుదరదమ్మాయ్. మరి ఎలా తేలుతుంది?" అన్నాడు బావగారు. నిజంగానే ఆయనకి తెలీలేదు.

"నోటితో తేలుతుంది."

కెమెరా పట్టుకున్న మనిషిని దగ్గరికి పిలిచి, చేతులు రెండూ చాచింది. పక్క తెరలో ఆమె వేళ్ళు కనిపించాయి. వేదిక వెనక గోడనిండా బూడిద మంత్రగత్తె వేలాడుతోంది. అవే పగుళ్ళు, అవే మునివేళ్ళు. ముందు వరసలో ఎవరో అయ్యో అన్నారు.

"ఈ చేతులు చూసే ఆ బొమ్మ గీశారు," అంది కోడరమ్మ మైకులో. "మా ఇంట్లో అంట్లు ఎవరు తోమాలో కూడా ఈ ఆటే చెప్తుంది. ఆఫీసులో ఎవరికీ నగారావాడి సంగతి తెలియక ముందు నుంచే నేను రోజూ ఓడిపోతున్నాను. నన్ను ఓడించడానికే వాడు చావకుండా ఉన్నాడు. ఈ గొడవంతా గిన్నెల కోసం మేడమ్."

హాల్లో ముందు ఒక ఆడగొంతు నవ్వింది, తర్వాత చాలా ఆడగొంతులు నవ్వాయి. మగవాళ్ళు ఎటు నవ్వాలో తెలీక ఒకరినొకరు చూసుకున్నారు.

పంపిణీ మేడమ్ చెవుల్లోంచి దూది తీసింది. "అదంతా మీ ఇంటి సంగతి. నేనడిగింది పేరు. ఎవరు?"

పురాణం మేడమ్‌కి కనపడకుండా భార్య వైపు తల అడ్డంగా ఊపుతున్నాడు. బావగారు తమ్ముడి వైపూ మరదలి వైపూ చూసి, మొదటిసారి నవ్వు తీసేశాడు. తెర వెనక చప్పుడు ఏమనుకున్నాడో ఏమో, స్పీకర్ల మోత పూర్తిగా తగ్గించేశాడు. తెర మీద నగారావాళ్ళిద్దరూ చప్పుడు లేకుండా కొట్టుకుంటూనే ఉన్నారు. హాలు హాలంతా చెవులైపోయింది.

కోడరమ్మ మైకు నోటికి దగ్గరగా తెచ్చుకుంది.

"మా ఆయన," అంది.